బేస్‌బాల్ బ్యాటింగ్ మెరుగుపడాలంటే: ఏ డ్రిల్ ఎలా చేయాలి, తప్పు ఎలా పట్టుకోవాలి

"రోజూ వందల స్వింగులు వేస్తున్నాను, ప్రాక్టీస్‌లో బాగానే తగులుతోంది, మ్యాచ్‌కి వెళ్తే మాత్రం అన్నీ నేలమీద దొర్లే గ్రౌండర్లూ, గాల్లోకి లేచిపోయే పాప్ అప్‌లే. ఏ డ్రిల్ చేయాలి?" మాటలు మారినా అందరూ అడిగేది ఇదే. నిజానికి చాలామందికి కొత్త డ్రిల్ అక్కర్లేదు. ఇప్పుడు చేస్తున్న డ్రిల్‌లోనే బంతి ఎంత ఎత్తులో వెళ్ళింది, ఎటు తిరుగుతూ వెళ్ళింది అని చూడకుండా, బకెట్ ఖాళీ అయ్యేదాకా కొట్టుకుంటూ పోతారు. కోచ్ పక్కన లేకపోయినా సరే, బంతి వెళ్ళిన తీరు చూస్తే స్వింగ్‌లో తప్పెక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. అందుకే కింద ప్రతి డ్రిల్ దగ్గర ఏం చూడాలో కూడా రాశాను. అది వదిలేసి డ్రిల్ ఒక్కటే చేస్తే భుజం నొప్పి తప్ప ఏమీ మిగలదు.

అన్నీ కుడిచేతి బ్యాటర్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను, ఎడమచేతి వాళ్ళు తిప్పి చదువుకోండి.

ఏమేం కావాలి

- మీకు సరిపోయే బ్యాట్. బ్యాట్‌ని ఒక్క చేత్తో పక్కకి చాపి 20, 30 సెకన్లు పట్టుకోండి. చెయ్యి వణికి కిందికి జారుతుంటే ఆ బ్యాట్ మీకు బరువు ఎక్కువ. బరువైన బ్యాట్‌తో బంతి దూరం పోతుందని చాలామంది అనుకుంటారు, కానీ బ్యాట్ సమయానికి బంతి దగ్గరికి చేరకపోతే ఆ బరువు దేనికీ పనికిరాదు.
- బ్యాటింగ్ టీ (బంతిని పైన నిలబెట్టే గొట్టం లాంటి స్టాండ్), ఎత్తు మార్చుకునేది.
- వల. లేకపోతే గట్టి దుప్పటి వేలాడదీసి ప్లాస్టిక్ బంతులతో కొట్టండి. అసలు బంతుల్ని మాత్రం ఇనుప కంచె మీదికి దగ్గరనుంచి కొట్టొద్దు, తిరిగొచ్చి మొహానికి తగులుతాయి.
- పది, పదిహేను బంతులు. అంతకంటే ఎక్కువ పెట్టుకోకపోవడమే మంచిది, బంతులు ఏరుకునే ఆ రెండు నిమిషాలే మీకు విశ్రాంతి.
- హోం ప్లేట్ (బ్యాటర్ పక్కన నిలబడే నేలమీది పలక), లేదా 17 అంగుళాల వెడల్పున కత్తిరించిన అట్టముక్క. దీన్ని మాత్రం వదలొద్దు, ఎందుకో రెండో మెట్టులో తెలుస్తుంది.
- హెల్మెట్, స్లో మోషన్ వీడియో తీసే ఫోన్, కాస్త సుద్దపొడి.

మొదలుపెట్టే ముందు

ఎడమచెయ్యి కింద నాబ్ (పిడి చివర ఉండే గుబ్బ) వైపు, కుడిచెయ్యి దాని పైన. బ్యాట్‌ని అరచేతిలోకి లాక్కోకుండా వేళ్ళ మొదళ్ళ దగ్గర పట్టుకోండి. పాదాలు భుజాలకంటే కాస్త ఎడంగా, మోకాళ్ళు కొంచెం వంచి, రెండు కళ్ళూ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) వైపు. ఇంతకుమించి స్టాన్స్ గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోవద్దు. పెద్ద ఆటగాళ్ళ స్టాన్స్‌లు ఒకరిది ఒకరికి పోలిక ఉండవు, బంతి తగిలే క్షణంలో మాత్రం అందరూ దాదాపు ఒకేలా కనిపిస్తారు.

క్రికెట్ ఆడి ఇటొచ్చిన వాళ్ళకి ఒక మాట. అక్కడ బ్యాట్ ముఖం చదునుగా ఉంటుంది, కాస్త అటూ ఇటూ తగిలినా నడిచిపోతుంది. ఇక్కడ బ్యాట్ గుండ్రం, బంతీ గుండ్రమే, అర అంగుళం తేడా వచ్చినా తిన్నగా, గట్టిగా పోవాల్సిన లైన్ డ్రైవ్ కాస్తా పాప్ అప్ అయిపోతుంది. ముందు కాలు బంతి పిచ్ దగ్గరికి వేసే అలవాటు కూడా ఇక్కడ మానుకోవాలి. స్ట్రైడ్ (ముందు కాలితో వేసే అడుగు) చిన్నదిగా, పిచర్ వైపే ఉండాలి.

1. ఆగి ఆగి ఖాళీ స్వింగ్

బంతి లేకుండా పది స్వింగులు, సగం వేగంతో. బరువు వెనక కాలి మీదికి తీసుకోండి, ముందు కాలు మెల్లగా దింపండి, అక్కడ ఒక సెకను ఆగండి. ఆగినప్పుడు చేతులు ఇంకా వెనక భుజం దగ్గరే ఉన్నాయా? కాలితో పాటే చేతులూ ముందుకొచ్చేస్తే కొట్టడానికి మీ దగ్గర బలమేమీ మిగల్లేదన్నమాట. ఆగాక తుంటి తిప్పి స్వింగ్ పూర్తి చేయండి, పూర్తయ్యాక కదలకుండా మూడు లెక్కపెట్టండి. నిలబడలేక తూలితే ఇంకా నెమ్మదిగా చేయాలి.

బ్యాట్‌కి బరువు రింగు తగిలించి తిప్పితే, తీసేశాక బ్యాట్ తేలిగ్గా అనిపిస్తుంది. అనిపించడం వేరు, వేగం పెరగడం వేరు. అది లేకపోయినా నష్టం లేదు.

2. టీ మీద మధ్య బంతి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. "టీ చిన్నపిల్లలకి కదా" అనే వాళ్ళకి ఒకటే చెప్తాను, పెద్ద లీగుల్లో ఆడేవాళ్ళలో చాలామంది కూడా రోజూ టీ మీదే మొదలుపెడతారు.

ఎక్కువమంది ఇక్కడే తప్పుచేస్తారు. టీని పొట్టకి ఎదురుగా పెట్టుకుని కొడతారు. మ్యాచ్‌లో మధ్య బంతిని కొట్టాల్సింది పొట్ట దగ్గర కాదు, స్ట్రైడ్ వేశాక మీ ముందు పాదం ఎక్కడ ఆగుతుందో దానికి ఎదురుగా, లేదా దానికంటే కాస్త ముందు. టీని తప్పు చోట పెట్టుకుని వంద బంతులు కొట్టారంటే, ఆలస్యంగా కొట్టడాన్నే వందసార్లు సాధన చేశారన్నమాట. కాబట్టి ముందు ప్లేట్ పెట్టండి, దాని పక్కన మామూలుగా మ్యాచ్‌లో నిలబడే చోట నిలబడండి, స్ట్రైడ్ వేసి చూడండి, ముందు పాదానికి ఎదురుగా ప్లేట్ మధ్య గీతమీదికి టీని జరపండి. బంతి ఎత్తు తొడ మధ్యకీ నడుముకీ నడుమ.

బంతి కుట్లు ఎటు ఉన్నా ఫర్వాలేదు, కానీ ప్రతిసారీ బంతి మీద ఒక చుక్కని ఎంచుకుని దాన్నే చూడండి. కొట్టే ముందు ఒకసారి పిచర్ ఉండే వైపు కళ్ళు ఎత్తి, మళ్ళీ బంతి మీదికి తీసుకురండి. బంతినే గుచ్చి చూస్తూ నిలబడి కొట్టడం అలవాటైతే మ్యాచ్‌లో తల కిందికి వంగిపోతుంది.

వలలో సరిగ్గా టీ ఎత్తులోనే, మీకు ఎదురుగా ఒక రిబ్బన్ కట్టండి. ఐదు బంతులు కొట్టి ఆగండి. ఎన్ని రిబ్బన్‌కి జానెడు దూరంలో తగిలాయి? బంతి వలకి తగిలే ముందు కిందికి దూకుతూ పోతోందా, తిన్నగా పోతోందా? వల మరీ దగ్గరుంటే ఇవేవీ కనిపించవు, కనీసం ఐదారు అడుగుల దూరం పెట్టండి, స్థలం ఉంటే ఇంకా ఎక్కువ.

బ్యాట్‌కి సుద్దపొడి రాస్తే ఎక్కడ తగులుతోందో గుర్తు పడుతుంది. బ్యాట్ చివరి నుంచి సుమారు ఐదారు అంగుళాల దగ్గర గుర్తులన్నీ గుమిగూడి ఉంటే బాగుంది. చివరి అంగుళంలో ఉంటే బంతికి దూరంగా నిలబడ్డారు, హ్యాండిల్ వైపు ఉంటే మరీ దగ్గరగా.

3. లోపలి బంతి, బయటి బంతి

ఇప్పుడు టీని జరపండి. మీ వైపు వచ్చే లోపలి బంతికి టీ ప్లేట్ లోపలి అంచు మీద, ముందు పాదానికి జానెడో జానెడున్నరో ముందు. బయటి బంతికి ప్లేట్ బయటి అంచు మీద, ముందు పాదం కంటే వెనగ్గా, దాదాపు ముందు తొడకి ఎదురుగా. లోపలిది ఎడమవైపు లైన్ డ్రైవ్ పోవాలి, బయటిది కుడివైపు.

బయటి బంతిని కూడా ఎడమవైపుకి లాగి కొట్టాలని చూడటం చాలా మామూలు. అలా లాగితే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) చేతిలోకి మెత్తటి గ్రౌండర్ పోతుంది. టీ మీద బయటి బంతిని కుడివైపుకి బలంగా కొట్టడం వచ్చేదాకా ముందుకెళ్ళొద్దు. విసుగ్గానే ఉంటుంది, అయినా సరే.

4. వల దగ్గర నిలబడి స్వింగ్

చేతులు ముందు బయటికి పోయి బ్యాట్ పెద్ద గుండ్రం తిరిగే జబ్బుకి ఇది మందు. బ్యాట్ నాబ్ బొడ్డుకి ఆనించి, బ్యాట్ చివర ఎదురుగా ఉన్న వలకి ఆనేంత దూరంలో నిలబడండి. అక్కడే స్వింగ్ చేయండి, వలకి బ్యాట్ తగలకూడదు. చీపురుతో ఊడ్చినట్టు చేతులు చాపితే వెంటనే తగులుతుంది. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, నాబ్‌ని ముందు బంతి వైపు నడిపి, ఆ తర్వాతే బ్యాట్ చివరని వదిలితే తగలదు.

మొదట చాలా నెమ్మదిగా చేయండి. గోడ ముందు అస్సలు వద్దు, బ్యాట్ విరుగుతుంది, మణికట్టు దెబ్బతింటుంది.

5. ఒంటిచేతి స్వింగ్

చిన్న, తేలికైన బ్యాట్ ఉంటేనే. లేకపోతే మామూలు బ్యాట్‌ని సగం పైకి పట్టుకోండి. కింది చెయ్యితో ఐదు, పై చెయ్యితో ఐదు, టీ మీద. బంతి తగిలే క్షణంలో కుడి అరచెయ్యి పైకి, ఎడమ అరచెయ్యి కిందికి చూస్తుండాలి, రెండు చేతులతో కొట్టినా అదే. భుజం లాగినట్టు అనిపిస్తే ఈ మెట్టు వదిలేయండి, మిగతావాటితో పని జరుగుతుంది.

6. సాఫ్ట్ టాస్

తోడు ఒకరు కావాలి. వాళ్ళు మీకు ఎదురుగా కాదు, ముందువైపు పక్కకి, ఏటవాలుగా ఎనిమిది పది అడుగుల దూరంలో కూర్చోవాలి. మీరు కొట్టే దారిలో వాళ్ళ మోకాలు కూడా ఉండకూడదు. బంతి మీ ముందు తుంటి వైపు రావాలి.

ఈ డ్రిల్ పాడైతే తప్పు ఎక్కువసార్లు విసిరేవాళ్ళదే. పైకి గుండ్రంగా వేసిన బంతి కోసం మీరు ఆగి ఆగి కొట్టాల్సి వస్తుంది, టైమింగ్ మొత్తం చెడుతుంది. బంతి కాస్త వేగంగా, దాదాపు తిన్నగా రావాలి. విసిరే ముందు చెయ్యి వెనక్కి తీసుకెళ్ళడం మీకు కనిపించాలి, వాళ్ళ చెయ్యి వెనక్కి వెళ్ళేటప్పుడే మీ బరువు వెనక్కి వెళ్ళాలి. ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్య మళ్ళీ స్టాన్స్‌లోకి వచ్చే సమయం ఇవ్వమని చెప్పండి. గబగబా వేస్తే వ్యాయామం అవుతుంది, బ్యాటింగ్ కాదు.

తోడు లేకపోతే మీరే బంతి పైకి వేసుకుని కొట్టొచ్చు. కంటికీ చేతికీ పొత్తు కుదురుతుంది, అంతవరకే. దాన్ని టైమింగ్ సాధన అనుకోవద్దు.

7. ఎదురుగా టాస్

విసిరేవాళ్ళు ఎల్ స్క్రీన్ (వాళ్ళకి దెబ్బ తగలకుండా అడ్డంపెట్టే L ఆకారపు వల) వెనక, 15 నుంచి 20 అడుగుల దూరంలో. స్క్రీన్ లేకుండా అసలు బంతులతో ఇది చేయొద్దు. "మెల్లగా కొడతాలే" అనే మాట నమ్మొద్దు, తిన్నగా తగిలిన బంతి తప్పించుకునేంత సమయం ఎవరికీ ఇవ్వదు. స్క్రీన్ లేకపోతే ప్లాస్టిక్ బంతులు వాడండి, అప్పుడు కూడా విసిరేవాళ్ళకి కళ్ళజోడు, హెల్మెట్ ఉండాలి.

లోపలా బయటా కలిపి వేయమనండి, ఏది వస్తుందో మీకు చెప్పకుండా. మూడో మెట్టులో నేర్చుకున్నది నిజంగా వచ్చిందో లేదో ఇక్కడ బయటపడుతుంది. మధ్యలో ఒకటి రెండు నెమ్మది బంతులు కూడా వేయమనండి, మీరు ముందుకి తూలిపోతున్నారేమో తెలుస్తుంది.

8. స్వింగ్ లేకుండా చూడటం

చాలామంది దాటేసేది ఇదే, మ్యాచ్‌లో తేడా తెచ్చేదీ ఇదేనని నా అభిప్రాయం. పిచర్ రబ్బరు (పిచర్ కాలు ఆనించే పలక) నుంచి ప్లేట్‌కి దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 90 మైళ్ళ బంతి చెయ్యి వదిలాక ప్లేట్ చేరడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. అందులో స్వింగ్‌కే దాదాపు 0.15 సెకన్లు పోతే, కొట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

మీ జట్టు పిచర్ ప్రాక్టీస్ చేస్తున్నప్పుడు హెల్మెట్ పెట్టుకుని ప్లేట్ దగ్గర నిలబడండి. ప్రతి బంతికీ కొట్టబోతున్నట్టే బరువు వెనక్కి తీసుకోండి, స్ట్రైడ్ వేయండి, స్వింగ్ మాత్రం వేయొద్దు. బంతి మీ వెనక కూర్చునే క్యాచర్ గ్లవ్‌లో పడకముందే "స్ట్రైక్" (స్ట్రైక్ జోన్‌లోకి, అంటే ప్లేట్ మీదుగా కొట్టదగ్గ ఎత్తులో వచ్చింది) అనో "బాల్" (జోన్ బయట పడింది) అనో పైకి అనండి. క్యాచర్ నిజం చెప్తాడు. కొన్నాళ్ళయ్యాక ఫాస్ట్ బాలా, వంపు తిరిగే కర్వ్ బాలా అన్నది కూడా చెప్పండి. పిచర్ దొరక్కపోతే బంతుల మీద రంగు చుక్కలు పెట్టి, టాస్‌లో రంగు చెప్పి కొట్టండి.

ఇందులో తప్పు ఒకటుంది: కొట్టేది లేదు కదా అని నిటారుగా, తీరిగ్గా నిలబడి చూడటం. "కొడుతున్నాను, కొడుతున్నాను, వద్దు" అన్నట్టు ఉండాలి. ముందే వద్దనుకున్న వాడు మంచి బంతి వచ్చినప్పుడు ఆలస్యమవుతాడు.

9. బ్యాటింగ్ ప్రాక్టీస్

మొదటి రౌండ్ రెండు మూడు బంట్లు (స్వింగ్ లేకుండా బ్యాట్ అడ్డంపెట్టి బంతిని మెల్లగా దింపడం). తర్వాత ఐదు బంతులు కుడివైపుకే. తర్వాత ఐదు, బంతి ఎక్కడొస్తే అటు. చివరి రౌండ్‌లో రెండు స్ట్రైకులు పడ్డాయనుకుని (మూడోది పడితే ఔట్) ఆడండి, బ్యాట్ అంగుళం పైకి పట్టుకుని, జోన్ అంచున పడేదాన్ని కూడా వదలకుండా. హోం రన్ పోటీ పెట్టుకోవాలనిపిస్తే అన్నీ అయ్యాక పెట్టుకోండి, మొదట్లో పెట్టుకుంటే మిగతా రౌండ్లన్నీ అదే స్వింగ్‌తో పోతాయి.

బంతిని చూసి తప్పు పట్టుకోవడం

ఎడమవైపు నేలమీద దొర్లిపోతోంది, ముందుకి తిరుగుతూ పోతోంది: మణికట్లు ముందే తిప్పేస్తున్నారు, లేదా బయటి బంతిని లాగుతున్నారు. టీ మీద బయటి బంతికి వెళ్ళండి, తగిలిన తర్వాత కూడా కుడి అరచెయ్యి కాసేపు పైకే ఉండేలా చూసుకోండి.

పైకి లేచిపోతోంది, లేదా బ్యాట్ టీ గొట్టానికే తగులుతోంది: వెనక భుజం కిందికి వాలుతోంది. టీని ఛాతీ ఎత్తుకి లేపి అక్కడనుంచి లైన్ డ్రైవ్ కొట్టండి. భుజం వాల్చి కొట్టేవాళ్ళకి ఆ ఎత్తులో తిన్నగా పోనే పోదు. అలాగని గొడ్డలితో నరికినట్టు కిందికి కొట్టడం నేర్చుకోవద్దు, ఆ పాత సలహా ఇంకా తిరుగుతూనే ఉంది. బంతి కొద్దిగా కిందికి దిగుతూ వస్తుంది కాబట్టి, దాని దారిలో ఎక్కువసేపు ఉండాలంటే బ్యాట్ కొద్దిగా పైకి వెళ్తుండాలి. ఆ "కొద్దిగా"ని మించితేనే సమస్య.

ఫౌల్ (హద్దుగీతల బయటికి పోయే బంతి) సరిగ్గా వెనక్కి పోతోంది: కంగారు పడొద్దు, టైమింగ్ కుదిరింది, బ్యాట్ కాస్త కింద పడింది అంతే.

లోపలి బంతి ఎడమవైపు ఫౌల్‌లోకి మెలిక తిరుగుతోంది, లేదా హ్యాండిల్‌కి తగిలి చేతులు జిల్లుమంటున్నాయి: చేతులు బయటికి పోతున్నాయి. నాలుగో మెట్టు.

బయటి బంతి అసలు అందట్లేదు: ముందు కాలు పిచర్ వైపు కాకుండా పక్కకి పోతోంది. నేలమీద సుద్దతో పిచర్ వైపు గీత గీయండి, స్వింగ్ అయ్యాక కాలు గీతమీద ఉందో లేదో చూడండి. కాలి వెనక బ్యాట్ అడ్డం పెట్టమని కొందరు చెప్తారు, దానిమీద కాలు పడితే చీలమండ మెలిపడుతుంది, గీత చాలు.

నెమ్మది బంతికి ముందే పడిపోతున్నారు: మొదటి మెట్టులో చెప్పిన ఆగడాన్ని టాస్‌లో కూడా చేయండి.

ఒకేసారి ఒక్క తప్పే దిద్దండి. భుజం, కాలు, మణికట్టు మూడూ తలలో పెట్టుకుని స్వింగ్ వేస్తే బంతి కనపడదు.

మెరుగుపడుతున్నారో లేదో చూసుకోవడం

1941లో .406 సగటు (వెయ్యి ప్రయత్నాలకి 406 హిట్ల లెక్కన) కొట్టిన అమెరికా ఆటగాడు టెడ్ విలియమ్స్ స్ట్రైక్ జోన్‌ని 77 బంతులు పట్టే చోటుగా, అడ్డంగా 7, నిలువుగా 11, విడదీసుకుని, ఎక్కడ పడితే తను ఎంత కొడతాడో లెక్క చెప్పేవాడు. తనకి బాగా ఇష్టమైన మధ్య భాగంలో .400, కింద బయటి మూలలో .230. మనకి అంత వద్దు, తొమ్మిది గళ్ళు చాలు. లోపల, మధ్య, బయట, వాటిలో పైన, నడుమ, కింద. వారానికి ఒకరోజు టీని ఒక్కో గడిలో పెట్టి ఐదేసి బంతులు కొట్టండి, మొత్తం 45. ఎదురు వల మీదికి తిన్నగా, గట్టిగా పోయినవే లెక్క. కాగితం మీద అంకె వేసుకోండి. తక్కువ అంకె పడ్డ గళ్ళలోనే వచ్చే వారం పని. ఎక్కువ పడ్డ గడి కూడా గుర్తుంచుకోండి, మ్యాచ్‌లో మొదటి స్ట్రైక్ పడేదాకా మీరు ఎదురుచూడాల్సింది ఆ చోటి బంతి కోసమే.

వీడియో పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి. పక్కనుంచి తీసినప్పుడు తల స్ట్రైడ్‌తో పాటు ఎంత ముందుకి జరిగిందో చూడండి, వెనకనుంచి తీసినప్పుడు ముందు కాలు ఎటు పడిందో. ఎనిమిది బ్యాటింగ్ టైటిల్స్ (సీజన్‌లో లీగ్‌లోకెల్లా ఎక్కువ సగటు కొట్టినవాళ్ళకి దక్కేవి) గెలిచిన టోనీ గ్విన్ 1980లలోనే తన బ్యాటింగ్ టేపులు వెంటబెట్టుకుని తిరిగేవాడు, ఇప్పుడు అదే పని జేబులో ఫోన్ చేస్తుంది. బాగా కొట్టిన రోజు వీడియో కూడా దాచుకోండి. ఫామ్ పోయినప్పుడు పోల్చుకోవడానికి పనికొచ్చేది అదే, ఇంకెవరి స్వింగో కాదు.

ఇంకొన్ని అడిగేవి

రోజుకి ఎన్ని? ఆగి చూసుకుంటూ కొడితే యాభై, అరవై చాలు. బంతులు వరసగా కిందికి పోవడం మొదలైతే అలిసిపోయారని అర్థం, ఆపేయండి. పక్కటెముకల దగ్గర గుచ్చినట్టు నొప్పి వస్తే ఆ రోజుకి బ్యాట్ ముట్టుకోవద్దు.

వర్షం, స్థలం లేదు? మొదటి మెట్టు అద్దం ముందు చేయండి, పైకప్పు ఎత్తు, చుట్టూ మనుషులు చూసుకుని.

పిచింగ్ మెషిన్ మంచిదా? వేగానికి అలవాటు పడటానికి మంచిదే. కానీ దానికి చెయ్యి లేదు, బంతి ఎప్పుడు వదులుతుందో చూసి బరువు వెనక్కి తీసుకునే వీలు ఉండదు, పైగా అన్నీ ఒకే చోట పడుతుంటే కళ్ళు మూసుకుని కూడా తగిలించొచ్చు. వాడితే బంతి వేసేవాళ్ళు ముందు దాన్ని పైకెత్తి చూపించి, తర్వాత మెషిన్‌లో వేయాలి, ఆ కదలికతో మీరు మొదలుపెట్టండి. ప్రతి ఐదు బంతులకీ మీరు నిలబడే చోటో, మెషిన్ వేగమో మార్చండి.